మహావృక్షాల చెంత గుడారం ఎక్కడ?
దువ్వూరు నుంచి ప్రొద్దుటూరు, పులివెందుల మీదుగా కదిరి దాటితే తిమ్మమ్మ మర్రిమాను. దాదాపు ఐదెకరాల్లో పరుచుకుని, 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కిన చెట్టు. అటు కాలిఫోర్నియాలోని తెలుగు కుటుంబాలు శని, ఆదివారాల్లో గుడారాలు తీసుకుని వెళ్లగలిగే రెడ్‌వుడ్ అడవులు సముద్రతీరానివి. వాటి ఘనత ఎత్తులో ఉంది: హైపీరియన్ అనే చెట్టు 115 మీటర్లు దాటింది. వానల్లేని వేసవిలో పసిఫిక్ పొగమంచు కూడా వాటి దాహం తీరుస్తుంది. ఏ మహావృక్షాన్ని చూడబోయినా పగలు దాని దగ్గర, రాత్రి దానికి దూరంగా గడపాలని నా వాదన.

రెడ్‌వుడ్ వేళ్లు లోతుకు పోవు, పక్కలకు ముప్పై మీటర్ల దాకా సాగుతాయి. తొక్కుడుకు నేల గట్టిపడితే వాటికి గాలి, నీరు సరిగా అందవు. హైపీరియన్‌ను వెతుక్కుంటూ వచ్చినవాళ్లు చుట్టూ మొక్కల్ని నలిపేయడంతో 2022లో పార్కు అధికారులు ఆ చోటును మూసేశారు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పట్టి, కొమ్మ విరిగాక, సందర్శకులను ఆపి 2018లో సెలైన్ సీసాలతో మందు ఎక్కించారు. చెదలకు జనాన్ని తప్పుపట్టలేం, నిజమే. కానీ మర్రి ఊడ నేలలో దిగితేనే బరువైన కొమ్మకు ఆసరా. గట్టిపడిన నేలలో లేత ఊడ పాతుకోవడం కష్టం.

దగ్గరికి పోనివ్వకుంటే అడవిపై మమకారం ఎలా పుడుతుందని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. వద్దనేది చెట్టు కింద పొయ్యినీ పడకనూ మాత్రమే. గుడారంలో రాత్రి గడపాలంటే జమ్మలమడుగు దగ్గర గండికోట ఉంది. మర్రిమాను నీడలో మరునాడు తీరిగ్గా నడవొచ్చు.