లెవెల్ అప్ లెక్కలకి యాప్ ఎందుకు? ఒక్క కౌంటర్ చాలు

టేబుల్‌టాప్ ఆర్‌పీజీ ఆడే ఫ్రెండ్స్ నన్ను ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటుంది: "ఎక్స్‌పీ ట్రాక్ చేయడానికి మంచి యాప్ ఏది?" యాప్‌లకి కొదవ లేదు. కానీ నేను చెప్పేది వేరు. ముందు లెక్క తగ్గించండి, యాప్ అవసరమో కాదో తర్వాత చూద్దాం.

కొత్తవాళ్ల కోసం ఒక మాట. ఎక్స్‌పీ అంటే ఎక్స్‌పీరియెన్స్ పాయింట్లు. ఇవి ఒక హద్దు దాటితే మీ క్యారెక్టర్ లెవెల్ పెరుగుతుంది. వీడియో గేమ్‌లో ఈ లెక్కంతా ప్రాసెసర్ చేస్తుంది. టేబుల్ మీద మాత్రం ఆ ప్రాసెసర్ మనమే.

లెక్క ఎక్కడ బరువెక్కుతుంది?

2014లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ చూడండి. ఒక గాబ్లిన్‌కి 50 ఎక్స్‌పీ. నలుగురు కలిసి ఆరు గాబ్లిన్లని ఓడిస్తే మొత్తం 300, తలా 75. ఇంతవరకు ఓకే. కానీ లెవెల్ 2కి 300, 3కి 900, 4కి 2,700, 5కి 6,500 కావాలి. 10 నుంచి 11కి వెళ్లడానికి 21,000 కావాలి, 11 నుంచి 12కి మాత్రం 15,000 చాలు. టేబుల్ చూడకుండా ఎవరూ చెప్పలేరు.

2000లో వచ్చిన మూడో ఎడిషన్ ఈ విషయంలో నయం. ఇప్పుడున్న లెవెల్‌ని 1,000తో గుణిస్తే, పై లెవెల్‌కి ఎంత సంపాదించాలో తెలిసిపోతుంది. 2019 నాటి పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ ఇంకా సింపుల్. ఏ లెవెల్‌లో ఉన్నా 1,000 ఎక్స్‌పీకి ఒక లెవెల్. మీ లెవెల్ శత్రువుకి 40, మీకంటే రెండు లెవెల్స్ పైనున్నవాడికి 80.

అసలు ఇబ్బంది వేరే ఉంది

మా గ్రూప్‌లో అందరం ఉద్యోగాలు చేసేవాళ్లమే. ఒకరికి ఆన్‌కాల్, ఇంకొకరికి నైట్ షిఫ్ట్. ఎక్స్‌పీ ఎవరిది వాళ్లే రాసుకుంటే, రెండు శనివారాలు మిస్ అయినవాడు వెనకబడతాడు. ఐదో ఎడిషన్‌లో లెవెల్ 5 పెద్ద జంప్. ఫైటర్ ఒక టర్న్‌లో రెండుసార్లు కొడతాడు, విజార్డ్‌కి ఫైర్‌బాల్ లాంటి మూడో లెవెల్ స్పెల్స్ వస్తాయి. పక్కన లెవెల్ 4లోనే ఉండిపోయినవాడికి ఆట మీద ఆసక్తి తగ్గుతుంది. మెల్లగా రావడం మానేస్తాడు. ఇద్దరు మానేస్తే గేమే ఆగిపోతుంది.

కోడ్ భాషలో చెప్పాలంటే, ఒకే డేటాని ఐదు కాపీలుగా దాచుకుంటున్నాం. ఒక్క వేరియబుల్ పెడితే సరిపోతుంది.

మేం వాడే రూల్

పార్టీ మొత్తానికి ఒకే కౌంటర్. సెషన్ పూర్తయితే ఒక టిక్, కథలో పెద్ద లక్ష్యం సాధిస్తే ఇంకో టిక్. లెవెల్ 4 వరకు రెండు టిక్కులకి ఒక లెవెల్, ఆ తర్వాత నాలుగు టిక్కులకి ఒకటి. లెవెల్ పెరిగితే అందరికీ ఒకేసారి పెరుగుతుంది, ఆరోజు రానివాళ్లకి కూడా.

మిగతా లెక్కలు కూడా చిన్నవే. ప్రొఫిషియెన్సీ బోనస్ కావాలంటే లెవెల్‌లోంచి 1 తీసేసి, 4తో భాగించి, శేషం వదిలేసి, 2 కలపండి. లెవెల్ 9 అయితే 8ని 4తో భాగిస్తే 2, దానికి 2 కలిపితే 4. హిట్ పాయింట్లకి డైస్ వేయకుండా రూల్‌బుక్ ఇచ్చిన ఫిక్స్‌డ్ నంబర్ తీసుకోండి: ఫైటర్‌కి 6, విజార్డ్‌కి 4, దానికి కాన్‌స్టిట్యూషన్ బోనస్ కలపాలి.

ఇందులో నష్టం లేదా? ఉంది. ఫైట్ అవ్వగానే నంబర్ పెరిగే ఆ కిక్ పోతుంది. అది ఇష్టమైన గ్రూప్ అయితే పాత్‌ఫైండర్ పద్ధతే బెటర్. కానీ మాకు ఇంకో లాభం కనిపించింది. చంపితేనే పాయింట్లు అన్న రూల్ పోయాక గాబ్లిన్లతో బేరాలు మొదలయ్యాయి, కథ ఇంకా సరదాగా మారింది.

కొత్త క్యాంపెయిన్ మొదలుపెట్టేటప్పుడు మీ గేమ్ మాస్టర్‌తో మాట్లాడి, ఐదు సెషన్లు ఇలా ఆడి చూడండి. ఆ తర్వాత కూడా యాప్ కావాలనిపిస్తే, అప్పుడు తప్పకుండా రివ్యూ రాస్తా.