ల్యాప్‌టాపు కొనునపుడు ముందు చూడవలసినవి, వెనుక మార్చుకొనదగినవి

ప్రతి సంవత్సరమును పరీక్షలు ముగిసి సెలవులు వచ్చినతోడనే తలిదండ్రులు కొందఱు మా యింటికి వచ్చి యొక ప్రశ్న యడుగుట వాడుక యైనది. "మాస్టారూ, అబ్బాయి పాలిటెక్నిక్కులో చేరుచున్నాడు. ల్యాప్‌టాపు కొనవలయునట. ఏది కొనుమందురు?" అని వారి ప్రశ్న. కొందఱు చీటీ పాడిన సొమ్ముతో వత్తురు. కొందఱు పంట యమ్మిన సొమ్ముతో వత్తురు. అట్టి ధనము విషయమై సలహా చెప్పువారు తొందరపడి యొక కంపెనీ పేరు చెప్పి పంపివేయరాదు. కావున మేము వారినే తిరిగి యొక ప్రశ్న యడుగుదుము: "మీరు చూచిన యంత్రములో రేపు మార్చుకొనుటకు వీలైన భాగము లేవి? ఎన్నటికిని మార్చుకొన వీలుకాని భాగము లేవి?" దీనికి ప్రత్యుత్తరము తెలిసినచో సగము పని యైనట్లే. ఈ వ్యాసమున ఆ సంగతినే వివరింప దలచితిమి.

ఈ తెలివి మాకు మొదటినుండి యున్నది కాదు, నష్టపడి నేర్చుకొన్నది. 2021లో మా పెద్దమ్మాయి డిగ్రీలో కంప్యూటరు శాస్త్రము తీసికొన్నప్పుడు, మేము ప్రావిడెంటు ఫండులో నుండి కొంత సొమ్ము తీసి, పట్టణములో నొక అంగడిలో క్రొత్త ల్యాప్‌టాపు కొంటిమి. అది పలుచగా, తేలికగా, వెండివలె మెఱయుచుండెను. దానిలో మెమొరీ 4 జి.బి. మాత్రమే. "తరువాత పెంచుకొనవచ్చును లెండి" అని అమ్మినవారు చెప్పిరి, మేమును నమ్మితిమి. ఏడాది తిరుగకమునుపే, రెండు మూడు ప్రోగ్రాములు ఒక్కసారి తెఱచినచో యంత్రము కదలక నిలిచిపోవ మొదలిడెను. మెమొరీ పెంచింత మని మెకానిక్కునొద్దకు తీసికొనిపోగా, అతడు అడుగు మూత విప్పి చూపెను. మెమొరీ చిప్పులు మదర్‌బోర్డు మీదనే టంకము వేసి అతికింపబడి యున్నవి. క్రొత్తది పెట్టుటకు స్లాటు ఒక్కటియు లేదు. "ఇది యింతే సార్" అని అతడు మఱల స్క్రూలు బిగించెను. మా అమ్మాయి మమ్ము ఒక్క మాటయు అనలేదు. హాస్టలులో స్నేహితురాలు నిద్రించిన పిమ్మట ఆమె యంత్రము నడిగి తీసికొని పని చేసికొనెను. ఆ సంగతి తెలిసినప్పుడు మా మనస్సు చివుక్కుమనెను.

ఇక విషయమునకు వత్తము. ల్యాప్‌టాపులలో ఇండ్లలో వాడుకొనువారి కొఱకు చేయబడునవి కొన్ని. ఆఫీసులకు వందలకొలదిగా అమ్ముటకు చేయబడునవి కొన్ని. లెనోవో వారి థింక్‌ప్యాడ్, డెల్ వారి లాటిట్యూడ్, హెచ్.పి. వారి ఎలైట్‌బుక్ అనునవి రెండవ తెగకు చేరినవి. థింక్‌ప్యాడును 1992లో ఐ.బి.ఎమ్. కంపెనీ ప్రవేశపెట్టినది, 2005లో ఆ వ్యాపారము లెనోవో వారి వశమైనది. డెల్ కంపెనీ 2025లో లాటిట్యూడ్ అను పేరు విడిచి డెల్ ప్రో అను పేరు పెట్టినది గాని, పాత పేరుగల యంత్రములు బజారులో ఇంకను దొరకుచున్నవి. ఆఫీసు యంత్రములు చెడినప్పుడు త్వరగా బాగుపడవలయును గనుక, ఏ భాగమును ఎట్లు విప్పవలెనో తెలుపు పుస్తకములను ఈ కంపెనీలు ఇంటర్నెటులో ఉచితముగా నుంచినవి. ఆఫీసులవారు కొన్నేండ్లకు యంత్రములను మార్చుకొన్నప్పుడు, ఆ పాతవి బాగుచేయబడి తక్కువ వెలకు సికిందరాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరు, చెన్నై రిచీ వీధి వంటి కంప్యూటరు బజారులకు వచ్చును. సామాన్య కుటుంబములకు ఇది యొక మంచి మార్గము.

అయితే ఆఫీసు తెగకు చేరినంత మాత్రమున అన్నియు నొకటి కావు. 2018లో లెనోవో వారు తెచ్చిన మూడు మాడళ్లను పోల్చి చూతము. మూడింటికిని 14 అంగుళముల తెరయే. మొదటిది టి480. దీనిలో మెమొరీకి రెండు స్లాటులు కలవు; కంపెనీవారి లెక్క ప్రకారము 32 జి.బి. వరకు పెంచవచ్చును. బ్యాటరీలు రెండు: లోపల 24 వాట్-గంటలది యొకటి, వెనుక చేతితోనే ఊడదీయదగినది మఱియొకటి. ఆ వెనుకది 24, 48, 72 వాట్-గంటల పరిమాణములలో వచ్చినది. బరువు సుమారు 1.6 కిలోలు. రెండవది టి480ఎస్. ఇది సుమారు 1.3 కిలోలే గాని, మెమొరీలో కొంత భాగము బోర్డునకు అతికి యుండును, స్లాటు ఒక్కటే, బ్యాటరీ లోపలనే యుండును. మూడవది ఆరవ తరము ఎక్స్1 కార్బన్. బరువు సుమారు 1.1 కిలోలు, మెమొరీ యంతయు బోర్డునకు అతికినదే. కొన్న నాడు ఎంత యున్నదో కడవఱకు అంతే.

దీనినిబట్టి మూడవది చెడ్డదని తలపరాదు. నిత్యము ప్రయాణములు చేయుచు, తనకు కావలసిన మెమొరీ యెంతో ఎఱిగి, మొదటనే దానికి తగిన సొమ్ము పెట్టగలవానికి అది యుక్తమైనదే. కాని విద్యార్థి యవసరము ఏటేట పెరుగును. తండ్రి చేతిలో సొమ్ము కొంచెము కొంచెముగా వచ్చును. అట్టివారికి అర కిలో బరువు ఎక్కువైనను మొదటిదే మేలు. సంవత్సరము క్రొత్తదైనంత మాత్రమున సౌకర్యము పెరుగునని గూడ అనుకొనరాదు. 2019లో టి480 తరువాత వచ్చిన టి490లో ఒక స్లాటు పోయినది. వెనుక బ్యాటరీయు పోయినది. 2024లో వచ్చిన టి14 ఐదవ తరములో రెండు స్లాటులు మఱల వచ్చినవి. కావున ప్రతి మాడలును విడిగా చూడవలసినదే.

కొన్న తరువాత మార్చరానివాటిలో మొదటిది ప్రాసెసరు. నేటి ల్యాప్‌టాపులలో ఇది బోర్డునకు అతికియే యుండును. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ వారి సాధారణ సహాయము 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11కు ఇంటెల్ ప్రాసెసరులలో సాధారణముగా ఎనిమిదవ తరము గాని, ఆ తరువాతిది గాని కావలయును. తరమును గుర్తించుట సులభము. ఐ5-8250యు అని యున్నచో గీత తరువాతి 8 అనునది ఎనిమిదవ తరమును సూచించును. ఐ5-7300యు అని యున్నచో ఏడవ తరము. డెల్ లాటిట్యూడ్ 5490 అను మాడలు ఈ రెండు తరముల ప్రాసెసరులతోను అమ్మబడినది. కనుక మూత మీది పేరు మాత్రమే చూచి సొమ్ము చెల్లింపరాదు.

రెండవది తెర. తెరను మార్చుట అసాధ్యము కాకపోయినను, ఖర్చును జాగ్రత్తయు ఎక్కువ కావలయును. పాత ఆఫీసు యంత్రములలో కొన్నిటి తెర 1366 చుక్కల వెడల్పు, 768 చుక్కల ఎత్తు గలది. కొన్నిటిది 1920 వెడల్పు, 1080 ఎత్తు గలది. దినమునకు నాలుగైదు గంటలు చదువు కన్నులకు రెండవదే హితము. మూడవది బోర్డునకు అతికిన మెమొరీ. దానినిగూర్చి మా అనుభవము పైన చెప్పియే యుంటిమి.

ఇక తరువాత మార్చుకొనదగినవి చెప్పెదము. స్లాటులో నమర్చిన మెమొరీ, ఫైళ్లను దాచు ఎస్.ఎస్.డి., బ్యాటరీ, అనేక మాడళ్లలో కీబోర్డు, ఈ కోవకు చేరును. మొదట 8 జి.బి. చాలుననుకొన్నచో, రెండు 4 జి.బి. ముక్కలుగా గాక ఒక్క 8 జి.బి. ముక్కగా నుండునట్లు చూచుకొనుడు. అప్పుడు రెండవ స్లాటు ఖాళీగా నుండును; మఱుసటి యేడు ఇంకొక 8 జి.బి. చేర్చవచ్చును. ఒకే పరిమాణము గల ముక్కలు రెండు జతగా నుండినచో పని మఱింత వేగముగా సాగును. డి.డి.ఆర్.4 మెమొరీ డి.డి.ఆర్.5 స్లాటులో పట్టదు గనుక రకము తెలిసికొని కొనుడు. ఎస్.ఎస్.డి. మొదట 256 జి.బి. దైనను నష్టము లేదు. పెద్దది వేసికొన్నప్పుడు పాతదానిని యు.ఎస్.బి. డబ్బాలో పెట్టి, ముఖ్యమైన ఫైళ్ల రెండవ ప్రతులను దాచుకొనవచ్చును.

"తరువాత" అను మాటను గూడ మితముగా నమ్మవలయును. కాలము గడిచిన కొలది మెమొరీ వెల తగ్గునని చాలకాలము అందఱును అనుకొనిరి. కాని 2025 చివరి మాసములలో, కృత్రిమ మేధ కొఱకు నిర్మింపబడు గొప్ప కంప్యూటరు కేంద్రములు మెమొరీని విస్తారముగా కొనుటచేత లోకమంతటను దాని వెల మిక్కిలి పెరిగినది. కావున ఆఱు మాసములలో తప్పక కావలసినదానిని నేడే కొనుట మేలు. కావలయునో అక్కఱలేదో తెలియనిదానికి మాత్రమే చోటు విడిచి యుంచుకొనవలెను.

పాత యంత్రము కొనువారు అంగడిలోనే కొన్ని పరీక్షలు చేయవలయును. అడుగు మూత విప్పించి స్లాటులను కన్నులార చూడుడు. యంత్రమును ఆపి మఱల వెలిగించి, బయాస్ అను మొదటి ఏర్పాట్ల పుటకు తాళపు మాట యడుగుచున్నదేమో చూడుడు. పాత ఆఫీసువారి తాళము తీయబడకున్నచో అది మీకు చిక్కు తెచ్చును. విండోస్‌లో బ్యాటరీ నివేదిక తీయించి, క్రొత్తగా నున్నప్పటి సామర్థ్యమును, ఇప్పుడు నిండునంతయు పోల్చుడు. సగమే మిగిలినచో క్రొత్త బ్యాటరీ వెలను బేరములో తగ్గింపుడు. బిల్లును, ఎన్ని నెలల హామీ యో దానిని వ్రాతపూర్వకముగా తీసికొనుడు. నోటి హామీకి మేము చెల్లించిన వెల మీరెఱుగుదురు.

మా అమ్మాయి సంగతి ముగింపవలసి యున్నది. 2023లో ఆమెకు పాత టి480 ఒకటి కొని యిచ్చితిమి. అప్పుడు దానిలో 8 జి.బి. మెమొరీ ఒక్క ముక్కగా నుండెను. మఱుసటి యేడు ఇంకొక 8 జి.బి. చేర్చితిమి, ఆ పిమ్మట వెనుక బ్యాటరీ మార్చితిమి. ఆ పని ఆమెయే రెండు నిమిషములలో చేసికొనెను. ఆమె డిగ్రీ ముగించినది ఆ యంత్రము మీదనే. ఆ మొదటి వెండి యంత్రమును మేము పాఱవేయలేదు. దానిలో లినక్స్ వేయించి ప్రశ్నపత్రములు తయారుచేసికొనుచున్నాము. ఆ పనికి అది చాలును. ఈ వ్యాసమును దాని మీదనే వ్రాసితిమి. యంత్రము చెడ్డది కాదు. దానిని తగని పనికి తెచ్చినది మేము.

విద్యార్థులారా! మీ తలిదండ్రులతో అంగడికి పోవుటకు ముందు ఒక కాగితము తీసికొని నడుమ గీత గీయుడు. ఎడమప్రక్క మార్చరానివి వ్రాయుడు. కుడిప్రక్క మార్చుకొనదగినవి వ్రాయుడు. చేతిలోని సొమ్ములో ఎక్కువ భాగమును ఎడమప్రక్కవాటికి నియమింపుడు. కుడిప్రక్కవాటికి స్లాటు కలదో లేదో ఆ మాడలు పుస్తకములో చూచి గుర్తు పెట్టుడు. రాబోవు సెలవులలో మా యింటికి వచ్చువారు ఆ కాగితమును వెంట తెచ్చినచో, మిగిలినది కూర్చుండి మాటలాడుకొందము.