ఒకే హాస్టల్.. ముగ్గురు దోస్తులు.. ఓ దేశం కథ!

‘మనీ హైస్ట్’ చూశారుగా? ఎర్ర డ్రెస్సులు, మెలితిరిగిన మీసాల మాస్కులు, మధ్యమధ్యలో ‘బెల్లా చావ్’ పాట. ఆ మాస్కు స్పెయిన్ చిత్రకారుడు సాల్వడార్ డాలీది. ఆ పాటేమో ఇటలీలో ఫాసిస్టుల మీద పోరాడినవాళ్ల గుర్తుగా నిలిచింది. ఈ రెండూ ఒకేచోట ఎలా కుదిరాయన్నది నా డౌటు. ఎందుకంటే స్పెయిన్‌ని ముప్ఫై ఆరేళ్లు గుప్పిట్లో పెట్టుకున్న నియంత ఫ్రాంకోని డాలీ బాహాటంగా పొగిడాడు!

ఆ డౌటే నన్ను స్పెయిన్ చరిత్రలోకి లాక్కెళ్లింది. నిజానికి నేను హైదరాబాద్‌లో స్పానిష్ కోర్సులో చేరింది ఉద్యోగం కోసం. గ్రామర్ ఓ దారికొచ్చాక మా మేడమ్ చరిత్ర మొదలుపెట్టారు, కానీ తేదీల జోలికే పోలేదు. ‘ముందు ఓ నాటకం చదవండి, ఓ బొమ్మ చూడండి, ఓ సినిమా చూడండి. తేదీలు వాటంతటవే గుర్తుంటాయి’ అన్నారు. ఉన్నాయి కూడా.

తేదీలంటే పెద్దగా ఏం లేవు. 1931లో రాజు దేశం వదిలి వెళ్లాడు, రిపబ్లిక్ వచ్చింది. 1936 జులైలో కొందరు సైనిక జనరల్స్ తిరగబడ్డారు. మూడేళ్లు అంతర్యుద్ధం. 1939లో ఫ్రాంకో గెలిచాడు, 1975 నవంబరులో చనిపోయేదాకా కుర్చీ దిగలేదు. అంతే!

ఇక అసలు కథలోకి వద్దాం. 1920ల మొదట్లో మాడ్రిడ్‌లో ‘రెసిడెన్సియా దె ఎస్తుదియాంతెస్’ అని ఓ విద్యార్థుల హాస్టల్ ఉండేది. అక్కడ ముగ్గురు కుర్రాళ్లు దోస్తులయ్యారు. ఒకడు కవి ఫెదెరికో గార్సియా లోర్కా, ఇంకొకడు లూయిస్ బున్యుయెల్, మూడోవాడు మన మాస్కు మీసాల డాలీ. హాస్టల్ దోస్తీ కదా, అలకలూ ఉన్నాయి. డాలీ, బున్యుయెల్ కలిసి 1929లో ‘ఆందలూసియా కుక్క’ అని ఓ పొట్టి సినిమా తీస్తే, ఆందలూసియావాడైన లోర్కా ‘ఆ కుక్క నేనేనా?’ అని నొచ్చుకున్నాడట. యుద్ధం వచ్చాక మాత్రం ముగ్గురివీ మూడు దారులైపోయాయి.

లోర్కాతో మొదలుపెడతా. రిపబ్లిక్ రోజుల్లో అతను ‘లా బర్రాకా’ అనే స్టూడెంట్ల నాటక బృందాన్ని నడిపాడు. నీలం రంగు వర్కర్ డ్రెస్సు వేసుకుని ఊరూరా తిరిగి పాత క్లాసిక్ నాటకాలు ఆడించేవాడు. 1936 జూన్‌లో ‘బెర్నార్దా ఆల్బా ఇల్లు’ రాయడం పూర్తిచేశాడు. భర్త పోయిన ఓ తల్లి, అయిదుగురు కూతుళ్లు. ఎనిమిదేళ్ల పాటు సంతాపమంటూ తలుపులు మూసి వాళ్లని ఇంట్లోనే ఉంచేస్తుంది. స్టేజీ మీదికి వచ్చాక ఆ తల్లి మొదటి మాట నోరు మూసుకోమనే, నాటకం చివరి మాటా అదే. మధ్యలో చిన్న కూతురు ఉరేసుకుంటుంది. అప్పుడు కూడా తల్లి బెంగ ఊరు ఏమనుకుంటుందోననే. పరువు అన్న మాటకి అర్థం తెలిసిన తెలుగమ్మాయికి ఈ నాటకంలో ఫుట్‌నోట్లు అక్కర్లేదు. నేను ఒక్క రాత్రిలో చదివేశాను, ఆ తర్వాత చాలాసేపు నిద్ర పట్టలేదు.

నాటకం పూర్తయిన రెండు నెలలకే, ఆగస్టులో, తిరుగుబాటుదారులు లోర్కాని గ్రనాడాలో పట్టుకుని ఊరి బయట కాల్చేశారు. వయసు 38. తర్వాత ఇచ్చిన మరణ ధ్రువపత్రంలో యుద్ధ గాయాలతో పోయినట్టు రాశారు. ఆ నాటకం 1945లో మొదటిసారి స్టేజీ ఎక్కింది, అదీ స్పెయిన్‌లో కాదు, అర్జెంటీనాలోని బ్యూనస్ ఐరిస్‌లో.

కాగితం మీద అబద్ధం రాయడం ఆ ఒక్కసారితో ఆగలేదు. 1937 ఏప్రిల్ 26, సోమవారం, సంత రోజు. ఫ్రాంకోకి సాయంగా వచ్చిన జర్మనీ, ఇటలీ విమానాలు గెర్నికా అనే ఊరి మీద బాంబులు కురిపించాయి. ఫ్రాంకో వర్గం ఏమందో తెలుసా? పారిపోతూ వాళ్ల ఊరిని వాళ్లే తగలబెట్టుకున్నారని! పారిస్‌లో ఉన్న పికాసో పేపర్లలో ఆ వార్త చూసి మొదలుపెట్టిన బొమ్మే ‘గెర్నికా’. దాదాపు ఏడు మీటర్ల ఎనభై సెంటీమీటర్ల వెడల్పు, మూడున్నర మీటర్ల ఎత్తు.

నేనింకా మాడ్రిడ్ వెళ్లలేదు. కానీ ఆ బొమ్మ ఉన్న రెయినా సోఫియా మ్యూజియం వెబ్‌సైట్‌లో దాన్ని ఫోన్‌లోనే దగ్గరగా జూమ్ చేసి చూడొచ్చు. చూడండి. విమానం ఎక్కడా కనిపించదు, బాంబూ కనిపించదు. చచ్చిన బిడ్డని ఎత్తుకున్న తల్లి, అరుస్తున్న గుర్రం, దాని ఒంటి మీద పేపర్లో అచ్చక్షరాల్లాంటి గీతలు, కింద పడినవాడి చేతిలో విరిగిన కత్తి, దాని పక్కనే చిన్న పువ్వు. ఆ పువ్వు నాకు మూడోసారి చూసినప్పుడు కనిపించింది. స్వేచ్ఛ తిరిగొచ్చేదాకా ఈ బొమ్మ స్పెయిన్‌కి వెళ్లకూడదన్నాడు పికాసో. ఆయన 1973లో పోయాడు, బొమ్మ న్యూయార్క్ నుంచి 1981లో ఇల్లు చేరింది.

బున్యుయెల్ దేశం వదిలి వెళ్లి చివరికి మెక్సికో పౌరుడయ్యాడు. పాతికేళ్ల తర్వాత స్పెయిన్‌కి వచ్చి ‘విరిదియానా’ తీశాడు. స్క్రిప్టులో క్లైమాక్స్ ఏంటంటే, నన్ అవ్వబోయిన హీరోయిన్ ఓ మగాడి గది తలుపు తట్టి లోపలికి వెళ్తుంది. సెన్సార్ కుదరదంది. సరే అని మార్చాడు: హీరోయిన్, ఆ మగాడు, పనిమనిషి ముగ్గురూ కూర్చుని పేకాడతారు. అది ఇంకా ఘాటుగా ఉంటుంది, సెన్సార్ వాళ్లకి వెలగలేదు! 1961లో కేన్స్‌లో పామ్ డోర్ వచ్చింది. వాటికన్ పత్రిక మండిపడింది. దాంతో స్టేజీ మీద అవార్డు అందుకున్న స్పెయిన్ అధికారి ఉద్యోగం ఊడింది, సినిమా 1977 దాకా సొంతదేశంలో ఆడలేదు.

మరి డాలీ? 1936లోనే, యుద్ధానికి ముందు, తన శరీరాన్ని తానే చీల్చుకుంటున్న ఓ వికృతాకారాన్ని గీశాడు. అంతర్యుద్ధాన్ని అంత పచ్చిగా చూపిన బొమ్మలు తక్కువ. అదే మనిషి 1948లో తిరిగొచ్చి ఫ్రాంకోకి జై కొట్టాడు. 1975 సెప్టెంబరులో అయిదుగురికి మరణశిక్ష అమలు చేస్తే దాన్నీ సమర్థించాడు, తన దోస్తుని కాల్చిచంపిన వర్గమే అని తెలిసి కూడా. డాలీ బొమ్మలు నాకిష్టం. మనిషిని మాత్రం క్షమించలేకపోతున్నా. క్లాసులో దీని మీద గంటసేపు గొడవపడ్డాం, ఎవరూ తగ్గలేదు.

ఫ్రాంకో పోయాక 1977లో క్షమాభిక్ష చట్టం తెచ్చి పాత లెక్కలన్నీ మూసేశారు. బెర్నార్దా ఇంట్లోలాగే, ఇక మాట్లాడొద్దు అని. మనవలు మనవరాళ్లు పెద్దయ్యాక ఆ నిశ్శబ్దం పగిలింది. 2007లో చారిత్రక స్మృతి చట్టం వచ్చింది. రోడ్ల పక్కన, పొలాల్లో గోతులు తవ్వి ఎముకలు వెతకడం ఇంకా సాగుతోంది. 2019లో ఫ్రాంకో శవపేటికని ఆ భారీ స్మారకం నుంచి తీసి మామూలు శ్మశానానికి మార్చారు. లోర్కా కోసం 2009లో గ్రనాడా దగ్గర అల్ఫకార్‌లో తవ్వారు. అతని కుటుంబం వద్దంది కూడా. ఏమీ దొరకలేదు. తర్వాతి తవ్వకాల్లోనూ దొరకలేదు.

మా క్లాసులో వచ్చే వారం నుంచి ‘నాదా’ మొదలు. యుద్ధం అయ్యాక బార్సిలోనాకి చదువుకోవడానికి వచ్చిన ఓ అమ్మాయి కథ. 1945లో అచ్చయ్యేనాటికి రచయిత్రి కార్మెన్ లాఫోరెత్ వయసు 23. నాదా అంటే ‘ఏమీ లేదు’ అని అర్థం. సెన్సార్‌ని దాటుకుని ఆ పేరుతో నవల ఎలా బయటికొచ్చిందో చదివి తెలుసుకోవాలి.