పోర్షే బ్రేకులు: ఎక్కడ పొదుపు చేయాలి, ఎక్కడ చేయకూడదు

అమెరికాలో పదిహేనేళ్లు దాటిన పోర్షే 911 ఒక్కోసారి కొత్త ఫ్యామిలీ ఎస్‌యూవీ ధరకే దొరుకుతుంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన తెలుగు ఇంజినీర్లు కొందరు ఇలాంటి పాత కారుతోనే చిన్ననాటి మోజు తీర్చుకుంటున్నారు. అయితే కారు పాతబడిందని దాని విడిభాగాల ధర దిగిరాదు. కొన్న కొన్నాళ్లకే సర్వీస్ సెంటర్ వాళ్లు నాలుగు చక్రాల డిస్కులూ ప్యాడ్లూ మార్చాలని ఎస్టిమేట్ చేతిలో పెడతారు. అది చూసి చాలామందికి కళ్లు తిరుగుతాయి. అందులో నిజంగా కావలసింది ఎంత, అలవాటు కొద్దీ రాసింది ఎంత? ఇది తేల్చుకోగలిగిన యజమానికే డబ్బు మిగులుతుంది.

ముందు అరుగుదల సంగతి చూద్దాం. బ్రేకు తొక్కితే కారు వేగమంతా వేడిగా మారుతుంది. 1,500 కిలోల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి ఒక్కసారి పూర్తిగా ఆగినప్పుడు పుట్టే వేడి, దాదాపు రెండు లీటర్ల నీళ్లను మరుగు పట్టించడానికి సరిపోతుంది. వేగం రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. అందుకే ఆఫీసుకు వెళ్లివచ్చే కారులో ఏళ్ల తరబడి ఉండే ప్యాడ్లు, రేస్ ట్రాక్ ఎక్కితే కొద్ది వారాంతాల్లోనే అరిగిపోతాయి. ఇన్ని వేల మైళ్లకు బ్రేకులు మార్చాలన్న లెక్క స్పోర్ట్స్ కారు విషయంలో పనికిరాదు. చూడాల్సింది మైళ్లు కాదు, మిల్లీమీటర్లు.

ఉదాహరణకు 996 తరం 911 కరేరా ముందు డిస్కు కొత్తగా ఉన్నప్పుడు 28 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. 26కి వచ్చిందంటే మార్చాల్సిందే. ఈ కనీస మందం సాధారణంగా డిస్కు మీదే అచ్చువేసి ఉంటుంది. కొలవడానికి ఓ మామూలు మైక్రోమీటర్ చాలు. ఒక్క జాగ్రత్త మాత్రం కావాలి. ప్యాడ్ తగలని అంచు అరగకుండా గట్టులా నిలిచిపోతుంది. సాధనాన్ని ఆ గట్టు మీద ఆనిస్తే డిస్కు ఉన్నదానికన్నా మందంగా కనిపిస్తుంది. ప్యాడ్ తిరిగే దారిలోనే, నాలుగైదు చోట్ల కొలవాలి. ప్యాడ్ల మీద రాపిడి పదార్థం 2, 3 మిల్లీమీటర్లకు దిగితే వాటి పని అయిపోయినట్టే. డిస్కు మాత్రం చాలా సందర్భాల్లో రెండో సెట్ ప్యాడ్లకు కూడా పనికొస్తుంది. ప్యాడ్లు మార్చిన ప్రతిసారీ డిస్కులూ మార్చాలనే మెకానిక్‌ను కొలత ఎంతో అడగడం యజమాని హక్కు.

911 డిస్కులకు రంధ్రాలుంటాయి. వాటి చుట్టూ వెంట్రుకవాసి గీతలు కనిపించగానే కొందరు కంగారుపడి డిస్కు పారేస్తారు. రంధ్రం చుట్టూ ఆగిన సన్నని గీతలు వేడికి వచ్చేవే. గీత పెరుగుతూ పక్క రంధ్రాన్ని కలిసినా, డిస్కు అంచుకు చేరినా ఆ డిస్కును ఇక ఒక్క రోజు కూడా వాడకూడదు. తరచూ ట్రాక్‌కు వెళ్లేవాళ్లు రంధ్రాలకు బదులు గాళ్లున్న డిస్కులు వేయించుకుంటారు. వాటికి పగుళ్ల బెడద తక్కువ. మధ్యభాగం అల్యూమినియంతో, చుట్టూ ఉండే రింగు ఇనుముతో చేసిన రెండు ముక్కల డిస్కులు మొదట ఖరీదనిపిస్తాయి. తర్వాత అరిగిన రింగు ఒక్కటే మార్చుకుంటే సరిపోతుంది కాబట్టి ట్రాక్ మీద ఎక్కువగా నడిపేవాళ్లకు అవే చవక.

బ్రేకు వేస్తే స్టీరింగ్ వణుకుతోందని చెప్పగానే డిస్కు వంకర పోయిందని తేల్చేయడం గ్యారేజీల్లో మామూలే. రేసింగ్ ఇంజినీరుగా పేరొందిన కారల్ స్మిత్ ఈ నమ్మకాన్ని గట్టిగా ఖండించారు. ఆయన వివరణ ప్రకారం చాలాసార్లు డిస్కు వంగదు, వేడెక్కిన ప్యాడ్ పదార్థం దాని మీద అక్కడక్కడా అట్టకట్టి మందం తేడా తెస్తుంది. ఇది ఎక్కువగా కొత్త ప్యాడ్లను సరిగా అలవాటు చేయనందువల్ల వచ్చే బాధ. కొత్త ప్యాడ్లు వేశాక ఖాళీ రోడ్డు మీద ఓ మోస్తరు వేగం నుంచి పూర్తిగా ఆపకుండా వరసగా కొన్నిసార్లు బ్రేకు వేసి, ఆపై కాసేపు నడుపుతూనే చల్లారనివ్వాలి. ఎర్రగా కాలిన బ్రేకును తొక్కి పట్టుకుని సిగ్నల్ దగ్గర నిలబడకూడదు. వణుకు మొదట్లోనే ఉంటే మళ్లీ ఇలాగే చేసి చూడటానికి కాస్త పెట్రోలు తప్ప ఏ ఖర్చూ ఉండదు.

విడిభాగాల్లో అసలు మిగులు కంపెనీ పేరున్న డబ్బా దగ్గర ఉంది. ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్లను పోర్షే సొంతంగా పోతపోయదు, అవి ఎక్కువగా ఇటలీలోని బ్రెంబో నుంచి వస్తాయి. టెక్స్‌టార్, పాగిడ్ కూడా కార్ల కంపెనీలకు ప్యాడ్లు చేసే పేర్లే. అదే తయారీదారు సరుకు షోరూమ్ కౌంటర్ బయట తక్కువ ధరకు దొరుకుతుంది. అలాగని ఊరూపేరూ లేని ఆన్‌లైన్ దుకాణంలో నమ్మలేనంత చవకగా కనిపించిన బ్రెంబో డబ్బాకు ఆశపడకూడదు. ఈ సరుకులో నకిలీలు ఉన్నాయి. ఇంకో చిన్న పొదుపు సెన్సర్‌ది. ప్యాడ్ బాగా అరిగి సెన్సర్ తీగ డిస్కుకు రాసుకుంటేనే డాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది. అంతకంటే కాస్త ముందే ప్యాడ్లు మారిస్తే పాత సెన్సర్ చెక్కుచెదరదు, దాన్నే తిరిగి పెట్టుకోవచ్చు.

కూలి కూడా తక్కువేమీ కాదు. 996, 997 తరం కార్లలో కాలిపర్ విప్పకుండానే పిన్ను తీసి ప్యాడ్లను పైకి లాగేయవచ్చు. చేతిపని తెలిసినవాళ్లు ఇంటి గ్యారేజీలో ఒక పూటలో ముగిస్తారు. అయితే జాక్ ఒక్కదాన్నే నమ్మి కారు పక్కన కూర్చోకూడదు, కింద గట్టి స్టాండ్లు ఉండాలి. పిస్టన్లు వెనక్కి నొక్కినప్పుడు పైన డబ్బాలో బ్రేక్ ఆయిల్ పొంగుతుంది, అది ఒలికితే పెయింట్ తినేస్తుంది. 2011లో వచ్చిన 991 తరం నుంచి పార్కింగ్ బ్రేక్ ఎలక్ట్రిక్ అయింది. ఆ కార్ల వెనక డిస్కుల పని తెలిసినవాళ్లకే వదిలేయడం మేలు.

పైసా కూడా మిగుల్చుకోకూడని చోటు బ్రేక్ ఆయిల్. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తది కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. మరిగిన ఆయిల్‌లో బుడగలు పుడితే పెడల్ నేలకు దిగిపోతుంది, కారు ఆగదు. అందుకే రెండేళ్లకోసారి మార్చమని పోర్షే చెబుతుంది. ట్రాక్‌కు వెళ్లేవాళ్లు అంతకన్నా తరచుగా మార్చాలి. డిస్కుల ధరతో పోలిస్తే ఆయిల్ డబ్బా ఖరీదు లెక్కలోకే రాదు. ఎంత బిగువుగా ఖర్చుపెట్టేవారైనా దీన్ని వాయిదా వేయకూడదు.

ఇక మిగిలింది కార్బన్ సిరామిక్ బ్రేకులు. పోర్షే వీటిని 2001లో 911 జీటీ2తో తెచ్చింది. ఇనుప డిస్కుతో పోలిస్తే బరువు దాదాపు సగం, తుప్పు పట్టవు, రోడ్డు మీద నడిపితే చాలా కాలం మన్నుతాయి. ఇటీవలి 911కు వీటిని ఆప్షన్‌గా తీసుకుంటే అమెరికాలో వేల డాలర్లు అదనం. పాడైనప్పుడు విడిగా కొనాలంటే అంతకన్నా చాలా ఎక్కువ అవుతుంది. ట్రాక్ మీద తీవ్రమైన వేడికి డిస్కులోని కార్బన్ క్రమంగా కాలిపోతుంది. మందం దాదాపు అలాగే ఉంటుంది, బరువు తగ్గుతుంది. చక్రం విప్పేటప్పుడు రిమ్ము తగిలినా అంచు పెచ్చు లేస్తుంది. 911 జీటీ3 యజమానుల్లో చాలామంది వీటిని విప్పి భద్రపరచి, ట్రాక్‌కు ఇనుప డిస్కులు వేసుకుంటారు. కారు అమ్మేటప్పుడు అసలువి తిరిగి బిగిస్తారు. ఖర్చు తెలిసినవాళ్ల పద్ధతి అది.

ఈ సిరామిక్ బ్రేకులకు గుర్తుగా పసుపు కాలిపర్లున్న పాత 911 మీద మనసు పడ్డవారు అడ్వాన్సు ఇచ్చేముందు డిస్కుల పరీక్ష రిపోర్టు అడగండి. కనీస బరువు ఎంతన్నది డిస్కు మీదే రాసి ఉంటుంది. తూచి చూపించడానికి అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే, నాలుగు కొత్త డిస్కుల ధర తగ్గించమని బేరమాడండి. దానికీ కుదరదంటే ఆ కారు వదిలేయండి.