మీ ఫోన్‌లోని షీల్డ్‌కీ, వైజాగ్ పాత రాగి నాణేనికీ ఒకటే టెక్నిక్!

ఫోన్ టియర్‌డౌన్ వీడియోల్లో చిప్‌ల మీద కప్పిన పల్చటి మెటల్ మూతలు మీరు చూసే ఉంటారు. వాటినే షీల్డ్‌లు అంటారు. రేకును ప్రెస్‌లో పెట్టి కోసి, వంచి చేస్తారు. ఈ పద్ధతి మొబైల్స్‌తో పుట్టిందేమీ కాదు. దాని పాత ఉదాహరణ ఒకటి మన వైజాగ్ చరిత్రలోనే ఉంది.

అప్పట్లో విశాఖపట్నం అంటే దాదాపు ఇప్పటి వన్ టౌనే. ఈస్ట్ ఇండియా కంపెనీ చేతిలోని ఉత్తర సర్కారుల్లో భాగం. ఇక్కడ నడిచిన చిన్న రాగి నాణేన్ని ‘డబ్బు’ అనేవారు. తర్వాత ఆ మాటే మొత్తం సొమ్ముకి పేరైపోయింది. రాగి ముక్కను అచ్చు మీద పెట్టి సుత్తితో కొట్టేవారు. దాంతో ఒకటి గుండ్రంగా, ఇంకోటి వంకరగా వచ్చేది. నకిలీ చేసినా కనిపెట్టడం కష్టం.

1794లో ఉత్తర సర్కారుల కోసం కంపెనీ కొత్త రాగి నాణేలు తెప్పించింది. రూపాయికి 48 నాణేలు. వాటిని ముద్రించింది బర్మింగ్‌హామ్‌లోని సోహో మింట్. మాథ్యూ బౌల్టన్ 1788లో పెట్టిన ఆ టంకశాలలో ప్రెస్‌లు స్టీమ్ ఇంజన్‌తో నడిచేవి.

ఎలా పనిచేసేదంటే...

రోలింగ్: రాగిని రోలర్ల మధ్య నొక్కి ఒకే మందం రేకుగా చేస్తారు.

బ్లాంకింగ్: పైన పంచ్, కింద దానికి సరిపడే రంధ్రమున్న డై. పంచ్ దిగగానే గుండ్రటి బిళ్ళ తెగి కిందపడుతుంది.

ముద్ర: బిళ్ళను రెండు అచ్చుల మధ్య పెట్టి స్క్రూ ప్రెస్‌తో నొక్కుతారు. చుట్టూ ‘కాలర్’ అనే ఉక్కు రింగు ఉంటుంది. లోహం పక్కకి సాగిపోదు కాబట్టి ప్రతి నాణెం ఒకే సైజులో వస్తుంది.

నేటి షీల్డ్‌లదీ ఇదే దారి. ‘ప్రోగ్రెసివ్ డై’లో రేకు ఒక్కో స్టేషన్ దాటుతుంటే ఒకచోట రంధ్రం పడుతుంది, ఇంకోచోట అంచు వంగుతుంది, చివర్లో ముక్క తెగి బయటికొస్తుంది.

నాకు నచ్చేది ప్రెస్ బలం కాదు, సుత్తికీ బలముంది. వెయ్యో నాణెం కూడా మొదటిదానిలాగే ఉంటే, కూలి అందుకున్నవాడు ప్రతిదాన్నీ తిప్పి చూసుకోనక్కర్లేదు. మెషిన్ తెచ్చిన అసలు ఫీచర్ ఆ నమ్మకమే.

ఈసారి రిపేర్ షాపులో ఫోన్ తెరిస్తే షీల్డ్ అంచు గమనించండి. గరుకుగా ముళ్లలా ఉంటే దాన్ని ‘బర్’ అంటారు. పంచ్ అరిగిపోయిందనో, పంచ్‌కీ డైకీ మధ్య ఖాళీ సరిగ్గా లేదనో దానర్థం. బిల్డ్ క్వాలిటీని అంచులే చెప్పేస్తాయి.