దూరం ఒకటే, ప్రయాణ సమయాలు రెండు

కోల్‌కతాకు ఆవలి ఒడ్డున, హౌరా స్టేషన్ దాటి ఖరగ్‌పూర్ వైపు సాగితే మొదట వచ్చేది టికియాపారా. తెలుగు రాష్ట్రాలకు వచ్చే రైళ్లు దీని మీదుగానే పోతాయి. ఇక్కడి నుంచి విశాఖ, విజయవాడల మీదుగా సికింద్రాబాద్‌కు 1,500 కిలోమీటర్లకు పైనే, ప్రయాణం ఒక రోజు దాటుతుంది. అదే హుగ్లీ నది దాటి దమ్‌దమ్‌లో విమానం ఎక్కితే శంషాబాద్ దాదాపు 1,200 కిలోమీటర్లే. రైలు తీరం వెంట చుట్టి రావాలి. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పడితే ఏర్పడే దారికి విమాన మార్గం దగ్గరగా ఉంటుంది.

విమానాశ్రయాలు అవే, దూరం అదే. అయినా చలికాలంలో హైదరాబాద్ వెళ్లడానికి పట్టినంత సేపు కోల్‌కతాకు తిరిగి రావడానికి పట్టదు. భూమి తిరగడమే దీనికి కారణమని చాలామంది అనుకుంటారు. భూమి తిరిగేది తూర్పుకే కాబట్టి, ఆ లెక్కన కోల్‌కతాయే ఇంకా దూరం జరిగిపోవాలి! నిజానికి నేలతోపాటు గాలీ, ఆ గాలిలో విమానమూ కలిసే తిరుగుతాయి. తేడా తెచ్చేది పైన వీచే గాలి.

గాలిలో విమాన వేగం గంటకు 800 కిలోమీటర్లు అనుకుందాం. గాలి కదలకుండా ఉంటే 1,200 కిలోమీటర్లకు 90 నిమిషాలు. పడమటి గాలి గంటకు 100 కిలోమీటర్ల వేగంతో ఎదురైతే వెళ్లడానికి 103 నిమిషాలు, అదే గాలి వెనక నుంచి తోస్తే రావడానికి 80. రెండూ కలిపితే 183 నిమిషాలు, గాలి లేనప్పటి కంటే మూడు ఎక్కువ. ఏటికి ఎదురీది పోగొట్టుకున్నదంతా తిరుగు ప్రయాణంలో రాదన్నమాట. ఎదురుగాలిలో గడిపే సమయమే ఎక్కువ కదా.

చలికాలంలో ఉత్తర భారతం మీద, పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు జెట్ ప్రవాహం ఉరుకుతుంది. 2020 ఫిబ్రవరిలో అట్లాంటిక్ మీది ఇలాంటి ప్రవాహమే ఒక బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానాన్ని న్యూయార్క్ నుంచి లండన్‌కు ఐదు గంటల లోపే చేర్చింది.

నైరుతి రుతుపవనాల కాలంలో మన దగ్గర కథ తిరగబడుతుంది. టిబెట్ పీఠభూమి వేడెక్కి, దక్షిణాన సముద్రం మీది గాలి అంతకంటే చల్లగా ఉండటంతో ద్వీపకల్పం మీద, ఎత్తున, తూర్పు నుంచి పడమటికి జెట్ ప్రవాహం ఏర్పడుతుంది. దీన్ని 1950లలో వివరించినవారు పంచేటి కోటేశ్వరం. భారత వాతావరణ శాఖకు అధిపతిగానూ పనిచేసిన తెలుగు శాస్త్రవేత్త ఆయన. ఈ ప్రవాహపు కేంద్రం విమానాలు ఎగిరే ఎత్తుకు ఇంకా పైన, 14 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. కాబట్టి విమానానికి తగిలేది దాని కింది అంచే. అయినా జులైలో హైదరాబాద్ వైపు వెళ్లేవారికి ఆ గాలి తోడవుతుంది.

అందుకే విమానం కదలకముందే ఆ రోజు ఏ ఎత్తున ఏ గాలి వీస్తుందో వాతావరణ శాఖ అంచనా చూసి, ఎంత ఇంధనం నింపాలో లెక్క కడతారు.