బండి కట్టే చేతులు, మాట కలిపే పిల్లలు



వేసవిలో ముంజికాయలు తిన్నాక ఖాళీ కాయలను ఊరికే పారవేసే పిల్లలు మన కొండకర్ల చుట్టుపక్కల తక్కువ. రెండు కాయలు, వాటిని కలిపే పుల్ల, వెనుక నుండి తోయడానికి పంగల కర్ర ఉంటే బండి సిద్ధమైనట్టే. పెద్దలు తాటిదోనెల మీద ఆవలో తిరగడం చూస్తూ పెరిగే పిల్లలకు, దొరికిన వస్తువుతో వాహనం చేయడం ఒకరు నేర్పనవసరం లేదు.

ఇప్పుడు కొన్ని ఇళ్ళకు మరో రకం బండి వస్తోంది. ఒకదానిలో ఒకటి బిగుసుకునే చిన్న ప్లాస్టిక్ ఇటుకలు, చక్రాలు, పళ్ళ చక్రాలు, ఒక చిన్న మోటారు, బ్యాటరీల పెట్టె ఉంటాయి. పిల్లలు వాటితో జీపు, లారీ, ట్రాక్టరు, క్రేను తమకు తోచినట్లు కట్టి నడిపిస్తారు. విశాఖపట్నంలో కొన్నవి కొన్ని, విదేశాల్లో ఉన్న చుట్టాలు తెచ్చినవి కొన్ని. "సిస్టరమ్మా, మా బాబు పొద్దస్తమానం వీటితోనే కూర్చుంటున్నాడు, మంచిదేనా?" అని తల్లులు మమ్మల్ని అడుగుతుంటారు. మంచిదే. అయితే ఆ మంచి ఎక్కడ ఉందో, అపాయం ఎక్కడ ఉందో రెండూ తెలిసి ఉండాలి. అందుకే ఈ వ్యాసం.

ఇద్దరు వడ్రంగుల కథ

ఈ ఇటుకలలో పేరు పొందినవి లెగో ఇటుకలు. డెన్మార్కు దేశంలో బిలుండ్ అనే చిన్న ఊరిలో ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి 1932లో చెక్క బొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. 1934లో తన పనికి లెగో అని పేరు పెట్టుకున్నాడు. వారి భాషలో 'బాగా ఆడుకో' అనే మాటల నుండి ఆ పేరు వచ్చింది. ఈనాటి ఇటుక రూపానికి 1958 జనవరి 28న పేటెంటు కోసం దరఖాస్తు చేశారు. అప్పటి ఇటుక ఈనాటి ఇటుకతో కూడా బిగుసుకుంటుంది. 1960లో చెక్క బొమ్మల గోదాము కాలిపోయాక చెక్క పని మానివేసి ప్లాస్టిక్ ఇటుకలనే నమ్ముకున్నారు. 1962లో చక్రాలు, 1966లో 4.5 వోల్టుల మోటారుతో నడిచే రైలు వచ్చాయి. ఇరుసులు, గేర్లతో అసలు వాహనాల వంటివి కట్టే టెక్నిక్ పెట్టెలు 1977లో మొదలయ్యాయి.

మన జిల్లాలోనే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక వడ్రంగులు అంకుడు కర్రను తరిణె మీద తిప్పి, లక్క పూసి బొమ్మలు చేస్తారు. గింజలు, బెరడు, వేళ్ళు, ఆకుల నుండి తీసిన రంగులు వాడతారు. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. సహజ రంగుల పద్ధతిని నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ వడ్రంగి చేసిన దారి వేరు, మన వడ్రంగి చేసిన దారి వేరు. కానీ ఇద్దరూ గ్రహించింది ఒకటే. బిడ్డ చేతికి ఇచ్చే వస్తువు శ్రద్ధగా చేసినదై ఉండాలి.

బండి ఎందుకు కదలదు?

మోటారు పెట్టగానే బండి పరుగెత్తదు. ఇక్కడే అసలు చదువు మొదలవుతుంది. మోటారు వేగంగా తిరుగుతుంది కాని దానికి బలం తక్కువ. బరువైన లారీకి నేరుగా తగిలిస్తే గీ అని మూలిగి ఆగిపోతుంది. అప్పుడు మోటారు ఇరుసుకు 8 పళ్ళ చిన్న చక్రం, బండి ఇరుసుకు 24 పళ్ళ పెద్ద చక్రం పెట్టాలి. చిన్నది మూడు చుట్లు తిరిగితే పెద్దది ఒక్క చుట్టు తిరుగుతుంది. వేగం మూడో వంతుకు తగ్గుతుంది, లాగే బలం దాదాపు మూడింతలు పెరుగుతుంది. ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడు లారీ డ్రైవరు గేరు తగ్గించేది ఇందుకే. సైకిలు మీద దీనికి తలకిందులు. ముందు పెద్ద చక్రం, వెనుక చిన్న చక్రం ఉంటాయి కనుక ఒకసారి తొక్కితే వెనుక చక్రం చాలా చుట్లు తిరుగుతుంది.

ఈ సంగతి పుస్తకంలో చదివితే రెండు మార్కుల జవాబు. చేతిలో బండి ఆగిపోయినప్పుడు తెలిస్తే జీవితాంతం మరచిపోరు. పైగా ఒకే జవాబు ఉండదు. ఎనిమిది బొడిపెల ఇటుకలు ఆరు మాత్రమే తీసుకున్నా వాటిని 91 కోట్ల 51 లక్షల పైచిలుకు విధాలుగా కలపవచ్చని గణిత శాస్త్రజ్ఞులు లెక్క తేల్చారు.

చేతికి జరిగే మేలు

చిన్న ముక్కను బొటనవేలు, చూపుడువేలు కలిపి పట్టుకోవడం, ఒక చేత్తో నిలిపి రెండో చేత్తో నొక్కడం, బిగిసినదాన్ని ఊడదీయడం - ఇవన్నీ చేతికి కసరత్తు. పలక మీద అక్షరం దిద్దడానికీ, చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికీ, అన్నం కలుపుకోవడానికీ కావలసింది ఈ పట్టే.

చేయి విరిగి సిమెంటు కట్టు వేయించుకున్న పిల్లలకు, కట్టు విప్పిన తరువాత వేళ్ళు బిగుసుకుపోతాయి. "వేళ్ళు ముడు, చాపు" అంటే నొప్పికి భయపడి ఏడుస్తారు. అదే బిడ్డకు ఇటుకల పెట్టె ఇస్తే, బండికి నాలుగో చక్రం తగిలించే తొందరలో వేళ్ళను తనంతట తానే కదిలిస్తాడు. అయితే ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎంతసేపు చేయాలో డాక్టరు గారు, ఫిజియోథెరపిస్టు చెప్పాలి. నొప్పి, వాపు పెరిగితే వెంటనే ఆపాలి.

చేయి లేని వారికి కూడా ఈ ఆట ఉపయోగపడింది. అండోర్రా దేశానికి చెందిన డేవిడ్ అగిలార్ కుడి ముంజేయి లేకుండా పుట్టాడు. 9 ఏళ్ళప్పుడే ఈ ముక్కలతో చేయి కట్టడానికి ప్రయత్నించాడు, అది నిలవలేదు. 18 ఏళ్ళ వయస్సులో, 2017లో, ఒక టెక్నిక్ హెలికాప్టరు పెట్టెలోని ముక్కలతో పని చేసే కృత్రిమ చేయి కట్టుకున్నాడు. ఆ తరువాత చేసిన వాటిలో మోటారు కూడా అమర్చాడు. మన బిడ్డలందరూ అంతటి పని చేయాలని కాదు. మొదటిసారి కూలిపోయినది రెండోసారి నిలబడుతుందనే ధైర్యం ఈ ఆటలో ఉందని చెప్పడానికే ఈ మాట.

ముగ్గురికి మూడు పనులు

మేము ఎక్కువగా విలువ ఇచ్చేది చేతి పనికి కాదు, ఆ పని చుట్టూ సాగే మాటలకు. అమెరికాలో డేనియల్ లెగాఫ్ అనే మనస్తత్వ వైద్యుని దగ్గరకు ఇతరులతో కలవని, మాట తక్కువైన పిల్లలు వచ్చేవారు. ఆయన గది బయట ఎదురుచూస్తున్న ఇద్దరు పిల్లలు తాము తెచ్చుకున్న లెగో ముక్కల గురించి తమంతట తామే కబుర్లలో పడ్డారు. అది గమనించి ఆయన ఒక పద్ధతి ఏర్పరచి, 2004లో దాని ఫలితాలు ప్రకటించారు.

పద్ధతి చాలా తేలిక. ముగ్గురు పిల్లలు కూర్చుంటారు. ఒకరు ఇంజనీరు. బొమ్మల కాగితం అతని దగ్గరే ఉంటుంది, కాని ముక్కలు ముట్టకూడదు. నోటితో చెప్పాలి. రెండవవారు ముక్కలు వెతికి అందించాలి. మూడవవారు కట్టాలి. కాసేపయ్యాక పనులు మారాలి. "ఎర్రది కాదురా, పొడుగుది", "చక్రం తిరగేసి పెట్టావు, ఒకసారి చూడు" అంటూ మాట్లాడకపోతే బండి తయారు కాదు. మాట్లాడమని ఎవరూ బలవంతం చేయరు, బండే మాట్లాడిస్తుంది.

అలాగని దీనిని మందుగా చెప్పము. ఇంగ్లండు పాఠశాలలలో ఆటిజం ఉన్న 250 మంది పిల్లలతో జరిపిన పెద్ద పరిశీలన ఫలితాలు 2023లో వెలువడ్డాయి. మేలు కనిపించింది కాని అది కొద్దిపాటి మేలే. రెండేళ్ళు నిండినా రెండు మాటలు కలిపి చెప్పని బిడ్డను, పిలిస్తే తిరిగి చూడని బిడ్డను ఆటబొమ్మల మీద ఆశ పెట్టుకుని ఇంట్లో ఉంచకండి. ముందు వినికిడి పరీక్ష చేయించండి, డాక్టరు గారికి చూపించండి. ఆట వైద్యానికి తోడు మాత్రమే.

అన్నం తినిపించడానికి ఫోను చేతికిచ్చే తల్లులకు కూడా ఒక మాట. రెండు నుండి నాలుగేళ్ళ పిల్లలకు తెర ముందు కూర్చునే సమయం రోజుకు ఒక గంట మించరాదనీ, ఎంత తక్కువైతే అంత మేలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఈ వయస్సు వారికి పెద్ద సైజు ఇటుకలు చాలు, మోటారు అక్కరలేదు.

ఖరీదు సంగతి

"అంత డబ్బు మేమెక్కడ తెస్తామమ్మా?" అనేవారే ఎక్కువ. కొననవసరం లేదు. అట్టపెట్టె, సీసా మూతలు, గొడుగు పుల్ల, చెప్పుల రబ్బరు, పాత ఆటబొమ్మలోని చిన్న మోటారు, రెండు పెన్సిలు బ్యాటరీలు ఉంటే నడిచే బండి చేయవచ్చు. రబ్బరు బ్యాండు మెలిపెట్టి వదిలితే మోటారు లేకుండానే పరుగెడుతుంది. బండి ఖరీదు బట్టి మేలు రాదు. ఇద్దరు ముగ్గురు కలిసి "ఎందుకు కదలలేదు?" అని తర్కించుకుంటేనే వస్తుంది. తండ్రులు సాయంత్రం పావుగంట పక్కన కూర్చుని, జవాబు చెప్పకుండా ఆ ప్రశ్న ఒక్కటే అడిగితే చాలు.

ప్రాణం మీదకు తెచ్చే బిళ్ళ

ఇక అతి ముఖ్యమైన విషయం. కొన్ని ఆటబొమ్మలలో, రిమోట్లలో, వాచీలలో రూపాయి బిళ్ళ వంటి బటన్ బ్యాటరీ ఉంటుంది. పసిబిడ్డ దానిని మింగితే అది అన్నవాహికలో ఇరుక్కుంటుంది. అక్కడి తడికి కరెంటు ప్రవహించి కాస్టిక్ సోడా వంటి క్షారం పుడుతుంది. రెండు గంటలలోనే లోపల తీవ్రంగా కాలిపోవచ్చు. రంధ్రం పడి ప్రాణం పోవచ్చు. పాతబడి బొమ్మను నడపలేని బ్యాటరీ కూడా ఈ హాని చేస్తుంది.

చొంగ కారడం, మింగలేకపోవడం, దగ్గు, వాంతి, ఛాతీ నొప్పి దీని గుర్తులు. ఒక్కోసారి ఏ గుర్తూ ఉండదు. అనుమానం వస్తే చాలు, ఇలా చేయండి:

1. వాంతి చేయించకండి. అరటిపండు, అన్నం ముద్ద మింగించకండి. "మలంలో పోతుందిలే" అని తెల్లవారేవరకు ఆగకండి.

2. వెంటనే 108కి ఫోను చేసి, ఎక్స్‌రే, ఎండోస్కోపీ వసతులున్న పెద్ద ఆసుపత్రికి బయలుదేరండి.

3. బిడ్డకు ఏడాది నిండి, మింగగలుగుతూ ఉంటే, మింగి 12 గంటలు దాటకపోతే, దారిలో 10 నిమిషాలకొకసారి రెండు టీస్పూన్ల తేనె ఇవ్వవచ్చు. ఆరు సార్లకు మించకూడదు. తేనె కోసం వెతుకుతూ ఆలస్యం చేయకూడదు. ఏడాది లోపు బిడ్డకు తేనె ఇవ్వనే కూడదు.

4. ముక్కులో, చెవిలో పెట్టుకున్నా అపాయమే. నూనె గాని, నీళ్ళు గాని, చుక్కల మందు గాని పోయకండి. వెంటనే తీసుకురండి.

చిన్న అయస్కాంతాలు కూడా ఇటువంటివే. రెండు మింగితే పేగుల మధ్య ఒకదానినొకటి పట్టుకుని పేగుకు రంధ్రం చేస్తాయి.

ఇంట్లో పాటించవలసినవి

చిన్న ముక్కల ఆటలు మూడేళ్ళలోపు పిల్లలకు వద్దు. అన్న ఆడుకున్న చోట తమ్ముడు పాకుతాడు. కనుక ఆట దుప్పటి మీద ఆడించి, అయిపోయాక నాలుగు మూలలూ ఎత్తి పెట్టెలో పోయించండి.

కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. గుర్తు చూడండి. 2021 జనవరి 1 నుండి మన దేశంలో ఆటబొమ్మలకు ఇది తప్పనిసరి. బ్యాటరీల పెట్టెకు స్క్రూ ఉన్నవే తీసుకోండి. కొత్త, పాత బ్యాటరీలు కలిపి వేయకండి. గోడ ప్లగ్గులోని కరెంటుకు మోటారు తగిలించనివ్వకండి. పాత ఫోను బ్యాటరీ పిల్లల చేతికి ఇవ్వకండి, అది ఉబ్బి అంటుకోవచ్చు. ఆడపిల్లల జడ తిరిగే చక్రంలో చిక్కుకోకుండా వెనుకకు ముడి వేయండి.

ముక్కలను గోరువెచ్చని సబ్బు నీటిలో కడిగి గాలికి ఆరబెట్టండి. మరిగే నీరు పోస్తే వంకర పోతాయి. మోటారును, బ్యాటరీల పెట్టెను నీళ్ళలో ముంచకుండా తడి గుడ్డతో తుడవండి. గజ్జి, విరేచనాలు, జలుబు ఉన్న బిడ్డ ముట్టిన ముక్కలు కడగకుండా మరొకరికి ఇవ్వకూడదు. మా పిల్లల వార్డులో కూడా ఇదే నియమం.

మీ ఇంట్లో బిడ్డ పెద్దవాడై మానివేసిన ఇటుకల పెట్టె అటక మీద ఉంటే, కడిగి ఆరబెట్టి మా వార్డుకు తెచ్చి ఇవ్వండి. రెండు చక్రాలు తక్కువైనా పరవాలేదు. తక్కువైన వాటికి బదులు ఏమి పెట్టాలో మంచం మీది పిల్లలే మాట్లాడుకుని తేలుస్తారు.